పైకి లాగనివ్వని పెడల్

మా అన్నయ్య కొడుకు మొన్నొక ఆదివారం పొద్దున్నే కుంటుకుంటూ వచ్చి మా గుమ్మంలో కూర్చున్నాడు. ఇంజనీరింగ్ రెండో ఏడు. ట్రాక్ ప్యాంటు పైకి మడిచి చూపించాడు. మోకాలి కింద, ఎముక పైకి తేలి ఉండే చోట, దువ్వెనతో గీరినట్టు నాలుగు గాట్లు.

“పెడల్ కరిచింది బాబాయ్.”

మౌంటెన్ బైక్ తొక్కేవాళ్ళు దీన్ని అచ్చంగా అలాగే అంటారు, పెడల్ బైట్ అని. పెడల్ మీది పాదం జారుతుంది. బరువు తప్పిన పెడల్ గిర్రున తిరిగొచ్చి, తన మీదున్న ఇనుప పిన్నులతో కాలి ముందెముకను గీరేస్తుంది. అక్కడ కండ ఉండదు, చర్మం కిందే ఎముక. టీటీ ఇంజక్షన్ చేయించుకున్నావా అని మా ఆవిడ లోపల్నుంచి కేకేసింది. చేయించుకున్నాడట.

వాడు నెల రోజులుగా నేర్చుకుంటున్న విద్య పేరు బన్నీ హాప్. నడుస్తున్న సైకిల్‌ని రెండు చక్రాలతో సహా గాల్లోకి లేపి, దారికి అడ్డొచ్చిన దుంగనో రాయినో దాటించడం. ర్యాంపు ఉండదు, గట్టు ఉండదు, చదును నేల మీంచే లేవాలి. మౌంటెన్ బైక్ విన్యాసాల్లో ఇది ఓనమాల్లాంటిది. గుణింతాలన్నీ దీని తర్వాతే. మావాడికి ముందు చక్రం బాగానే లేస్తోంది. వెనక చక్రం మాత్రం నేలను వదిలి రానంటోంది. దాన్ని లేపబోతుంటేనే పాదం జారింది.

“మా ఫ్రెండ్ ఏమంటున్నాడంటే, బూటు పెడల్‌కి లాక్ అయిపోయే రకం ఉంటుంది కదా, అది కొనుక్కోమంటున్నాడు. అప్పుడు మనం ఎగిరితే సైకిల్ చచ్చినట్టు మనతో వస్తుందట. కొననా?”

వద్దన్నాను. నేను ఇరవై ఏళ్ళుగా ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పుకుంటున్నవాణ్ణి. సైకిల్ మీద నా సాహసాలన్నీ అడ్డతొక్కుడుతో మొదలై, హ్యాండిల్ మీంచి రెండు చేతులూ వదిలేయడం దగ్గర ఆగిపోయాయి. కాబట్టి నా మాట వాడు వెంటనే నమ్ముతాడని నేనూ అనుకోలేదు. అదృష్టం కొద్దీ మా ఇంటి ఎదురుగా ఎవరో డాబా వేస్తున్నారు. ఓ కూలీ ఇటుకలు మోస్తున్నాడు. “అటు చూడు” అన్నాను.

అతను అయిదు ఇటుకలను పక్కపక్కన నిలబెట్టి, వరసకు రెండు కొసల్లో అరచేతులు ఆనించి, లోపలికి గట్టిగా నొక్కి, అయిదింటినీ ఒక్కసారే ఎత్తాడు. మధ్యలో ఉన్న మూడు ఇటుకల కింద ఏముంది? ఏమీ లేదు. వాటిని ఎవరూ పట్టుకోలేదు, కట్టలేదు. రెండు పక్కలనుంచీ పడుతున్న నొక్కుడు వల్ల ఇటుకకీ ఇటుకకీ మధ్య పుట్టిన రాపిడే వాటిని గాల్లో నిలబెట్టింది. చేతులు పైకి లాగుతున్నట్టు కనిపిస్తాయి కానీ అవి నిజంగా కష్టపడుతున్నది పక్కకి నొక్కడానికి.

బన్నీ హాప్‌లో సైకిల్ కూడా ఇలాగే లేస్తుంది. మావాడు పడుతున్న తిప్పలకు మూలం ఇక్కడే ఉంది. సైకిల్‌ని పైకి లాగాలని చూస్తున్నాడు. అసలు జరగాల్సింది వేరు. ముందు ఒళ్ళు కుదించి కిందికి వంగాలి. తర్వాత చేతులు చాచి నడుమును వెనక్కి వేయాలి, దాంతో ముందు చక్రం తనంతట తానే లేస్తుంది. లేచిన మరుక్షణం కాళ్ళతో పెడల్స్‌ని తన్ని నిలువుగా ఎగరాలి. ఇక్కడ ఎగిరేది మనిషి, సైకిల్ ఇంకా కాదు. మనిషి పైకి పోతున్న ఆ రెప్పపాటులో హ్యాండిల్‌ని ముందుకు నెట్టాలి. కాళ్ళేమో మడమలు లేపి, వేళ్ళు కిందికి దించి, పెడల్స్‌ని వెనక్కి నొక్కాలి. చేతులు ముందుకి, పాదాలు వెనక్కి. రెంటి మధ్యా ఇరుక్కున్న సైకిల్, ఇటుకల వరస లాగా, మోకాళ్ళు ముడుచుకుంటుంటే వాటితో పాటు పైకి వస్తుంది. హ్యాండిల్‌ని ముందుకు నెట్టినప్పుడు సైకిల్ తన నడిమధ్యన తూగుడు బల్ల లాగా తిరుగుతుంది గనక వెనక చక్రం లేచే పనిలో సగానికి పైగా అక్కడే అయిపోతుంది. మిగతాది పాదాల వంతు.

ఆ మిగతా దానికి చిన్న లెక్క ఉంది. పెడల్ తన ఇరుసు మీద స్వేచ్ఛగా తిరుగుతుంది కాబట్టి పాదం ఎంత వాలితే పెడలూ అంతే వాలుతుంది. పాదం చదునుగా ఉంటే నొక్కుడంతా నేల వైపే పోతుంది, సైకిల్ ఇంకా కిందికే అణుగుతుంది. వేళ్ళు దించి పాదాన్ని ఏటవాలుగా చేస్తే నొక్కుడులో కొంత వెనక్కి మళ్ళుతుంది, రాపిడిలో కొంత పైకి మళ్ళుతుంది. ఆ పైకి మళ్ళిన రాపిడి కిందికి పడే నొక్కుడును మించినప్పుడే పాదం పెడల్‌ని ఎత్తగలుగుతుంది. ఎంత వాలాలన్నది బూటుకీ పెడల్‌కీ మధ్య ఉన్న పట్టు తేలుస్తుంది. పాఠ్యపుస్తకాల్లో ఘర్షణ గుణకం అంటామే, అది 1 అయితే 45 డిగ్రీలు దాటి వాలితే చాలు. అది 0.5 అయితే 63 డిగ్రీలు దాటాలి. 45 డిగ్రీలు అందరికీ అలవాటయ్యే వాలు. 63 అంటే దాదాపు మునివేళ్ళ మీద నిలబడ్డట్టే, కదులుతున్న సైకిల్ మీద అది అయ్యే పని కాదు. మావాడి పాదం జారింది వాడి చేతకానితనం వల్లనో, బూటు వల్లనో, పెడల్ వల్లనో చూడకుండానే చెప్పలేను. కానీ చూసి చెప్పొచ్చు.

చూశాను. సైకిల్‌తో పాటు వచ్చిన పెడలే ఇంకా ఉంది. నున్నటి ప్లాస్టిక్, అంచుల్లో ప్లాస్టిక్‌తోనే పోతపోసిన పళ్ళు, అవీ అరిగి గుండ్రంగా అయిపోయాయి. మధ్యలో నాలుగు ఇనుప పిన్నులు మాత్రం మిగిలాయి. వాడి కాలి మీది నాలుగు గాట్ల లెక్క సరిపోయింది. కాళ్ళకి రన్నింగ్ షూస్.

ఇక ఆ లాక్ అయ్యే రకం సంగతి. దాని పేరే ఓ తిరకాసు. ఇంగ్లీషులో దాన్ని క్లిప్‌లెస్ అంటారు, అంటే క్లిప్పు లేనిది. బూటును కరిచిపెట్టుకునేదానికి ఆ పేరేమిటి? అంతకు ముందు పందెం సైకిళ్ళకి పెడల్ మీద బుట్ట లాంటి క్లిప్పు, తోలు పట్టీ ఉండేవి. మంచు మీద జారే స్కీలకు బైండింగులు చేసే ఫ్రెంచి కంపెనీ లుక్, అదే కిటుకుతో 1984లో ఆ బుట్టా పట్టీ అక్కర్లేని పెడల్ తెచ్చింది. బూటు అడుగున ఓ బిళ్ళ ఉంటుంది. అది పెడల్‌లో టక్కున కూర్చుంటుంది, మడమను పక్కకి తిప్పితే ఊడుతుంది. మరుసటి ఏడాది బెర్నార్డ్ ఇనో వాటితోనే టూర్ ద ఫ్రాన్స్ గెలిచాడు. 1990లో షిమానో మౌంటెన్ బైకులకి పనికొచ్చే ఎస్పీడీ రకం తెచ్చింది. అప్పటినుంచీ పోటీల్లో చాలామంది వాటినే వాడతారు. అవి చెడ్డవని నేననను. గంటల తరబడి తొక్కేవాళ్ళకి, గతుకుల్లో పాదం ఎగిరిపోకూడదనుకునేవాళ్ళకి హాయిగా ఉంటాయి.

నేర్చుకునేవాడికి మాత్రం అవి కాపీ చీటీలు. పాదం పెడల్‌కి అతుక్కుపోయి ఉంటే మోకాళ్ళు ముడుచుకోగానే సైకిల్ లేస్తుంది. హ్యాండిల్ ముందుకి నెట్టావా లేదా, పాదం వాలిందా లేదా అని అడిగే నాథుడుండడు. లేచింది కదా అని నువ్వూ ఊరుకుంటావు. బూటును పట్టి ఉంచని మామూలు రకాన్ని ఫ్లాట్ పెడల్ అంటారు. దానికి తెలిసింది ఒకటే: దాన్ని నొక్కొచ్చు, లాగడానికి వీల్లేదు. నొక్కాల్సిన వైపు నొక్కకపోతే ఆ క్షణమే పాదం గాల్లో ఉంటుంది, తప్పు ఎక్కడ జరిగిందో నీకే తెలుస్తుంది. పైగా పడేటప్పుడు కాళ్ళు ముందు నేలకి తగలాలి. వీలీ, అంటే ముందు చక్రం లేపి వెనక చక్రం మీదే నడపడం, నేర్చుకుంటూ వెనక్కి ఒరిగినవాడు ఫ్లాట్ పెడల్ మీదుంటే వెనక్కి దూకి నిలబడతాడు, సైకిల్ ముందుకి పోతుంది. బూటు బిగించుకున్నవాడు మడమ తిప్పే లోపు నడుము మీద పడతాడు. అలవాటైతే మడమ దానంతటదే తిరుగుతుందంటారు. ఆ అలవాటు అయ్యేదాకా పడేది ఎవరు?

ఫ్లాట్ పెడల్ పిల్లల కోసమేననే అపోహ ఉంటే ఆస్ట్రేలియావాడు శామ్ హిల్‌ని చూడాలి. కొండమీంచి కిందికి దిగే డౌన్‌హిల్ పోటీలో 2006, 2007, 2010ల్లో ప్రపంచ ఛాంపియన్. తర్వాత ఎండ్యూరో అనే మరో రకం పోటీకి మారి 2017, 2018, 2019 వరసగా మూడేళ్ళు వరల్డ్ సిరీస్ టైటిల్ కొట్టాడు. చుట్టూ ఉన్నవాళ్ళలో అత్యధికులు బూట్లు బిగించుకుని తొక్కుతుంటే అతనికి ఫ్లాట్ పెడల్సే. ఇక విన్యాసాల సంగతైతే స్కాట్లండ్ కుర్రాడు డానీ మెకాస్కిల్ ఉన్నాడు. 2009 ఏప్రిల్‌లో ఇంటర్నెట్‌లోకి వచ్చిన వీడియోలో ఎడిన్‌బరో వీధిలో ఈటెల లాంటి మొనలున్న ఇనుప కంచె పైన సైకిల్ నడిపాడు. మావాడు ఆ వీడియో ఎన్నిసార్లు చూశాడో లెక్కలేదు. ఆ కుర్రాడి పాదాలను పెడల్‌కి ఏదీ కట్టి ఉంచలేదన్న విషయం మాత్రం గమనించలేదట. అందులో చూడాల్సింది చక్రాలను కాదురా, పాదాలను అన్నాను.

సరే, ఎలాంటి ఫ్లాట్ పెడల్? ఇక్కడే నా అభిప్రాయం ముందు చెప్పేస్తాను. మొదటి రూపాయి పెడల్ మీద పెట్టకూడదు, బూటు మీద పెట్టాలి. పట్టు అనేది ఇద్దరి మధ్య ఒప్పందం. పెడల్ ఎంత ఖరీదుదైనా ఎదుట ఉన్న బూటు అట్ట సరిగా లేకపోతే అది ఒంటి చేతి చప్పట్లే.

రబ్బరు ఓ విచిత్రమైన పదార్థం. ఘర్షణ అనేది తగులుతున్న వైశాల్యం మీద ఆధారపడదని 1699లోనే అమాంటన్స్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త చెప్పాడు, ఇప్పటికీ మేం పిల్లలకి అదే చెబుతాం. చెక్కకీ ఇనుముకీ అది చాలావరకు నిజం. రబ్బరు ఆ మాట వినదు. మెత్తగా ఉండి ఎంత చోటు ఆక్రమిస్తే అంత పట్టు. రబ్బరు రాపిడిలో రెండు వేరువేరు సంగతులు కలిసి ఉన్నాయని 1963లో గ్రాష్ అనే పరిశోధకుడు ప్రయోగాలతో తేల్చాడు. ఒకటి అంటుకోవడం: రబ్బరు అణువులు ఎదుటి ఉపరితలాన్ని పట్టుకుని వదులుతూ ఉంటాయి. రెండోది సొట్టపడటం: కింద గరుకు ఉంటే రబ్బరు దాని చుట్టూ వంగి, జారేటప్పుడు మళ్ళీ మళ్ళీ నలుగుతుంది. నలిగిన ప్రతిసారీ కొంత శక్తి వేడిగా పోతుంది, ఆ నష్టమే మనకి పట్టుగా తెలుస్తుంది. తడి తగిలితే మొదటిది దాదాపు ఎగిరిపోతుంది, మధ్యలో నీటి పొర అడ్డొస్తుంది కాబట్టి. రెండోది మిగులుతుంది. వానాకాలంలో అరిగిపోయిన రబ్బరు పెడల్ మీద హవాయి చెప్పులతో తొక్కినవాళ్ళకి ఈ రెండు భాగాల సిద్ధాంతం ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆ రెండో భాగాన్ని నమ్ముకున్నవే పిన్నులు. ఫైవ్ టెన్ అనే కంపెనీ కథ ఇక్కడ చెప్పుకోవాలి. చార్ల్స్ కోల్ అనే అమెరికన్ 1985లో రాళ్ళు ఎక్కేవాళ్ళ కోసం దాన్ని మొదలుపెట్టాడు. నిలువు బండ మీద గోరంత అంచు మీద బూటు నిలబడాలంటే ఎంత మెత్తని, ఎంత జిగురైన రబ్బరు కావాలో ఆలోచించి స్టెల్త్ అనే రబ్బరు చేశారు. తర్వాత అదే రబ్బరును సైకిల్ బూట్ల అట్టలకి వేశారు. పెడల్ పిన్ను చుట్టూ అది పిండి ముద్దలా సర్దుకుంటుంది. 2011లో అడిడాస్ ఆ కంపెనీని కొనేసింది. శామ్ హిల్ పేరు పెట్టుకున్న బూట్లు కూడా ఆ కంపెనీవే.

అంత ఖరీదు బూట్లు మావాడి చేత కొనిపించే ఉద్దేశం నాకు లేదు. రన్నింగ్ షూస్ మాత్రం విప్పించేశాను. వాటి అడుగున మెత్తటి ఫోమ్, అందులో లోతైన కాలవలు. పిన్ను కాలవలో పడితే అందులో ఇరుక్కుంటుంది, కాలవ మధ్య దిమ్మ మీద పడితే జారుతుంది. ఈసారి ఏది జరుగుతుందో నీకే తెలీదు. ఫోమ్ పెడల్ అంచు దగ్గర వంగిపోతుంది కూడా. వాటి బదులు స్కూల్లో డ్రిల్లుకి వేసుకునే కాన్వాస్ బూట్లున్నాయే, చదునైన రబ్బరు అట్టతో, అవే నయం. స్కేట్‌బోర్డు మీద గెంతేవాళ్ళు వేసుకునేవీ దాదాపు అలాంటివే, వాళ్ళ పాదాన్నీ బోర్డుకి ఏదీ కట్టి ఉంచదు కదా. అట్ట మరీ పల్చనైతే పిన్నులు అరికాలికి గుచ్చుకుంటాయి, అంతే ఇబ్బంది.

ఇప్పుడు పెడల్. దుకాణంలో మొదట చూపించేది పిన్నుల సంఖ్యే. ఇటువైపు పన్నెండు, అటువైపు పన్నెండు అని. ఎక్కువ ఉంటే ఎక్కువ పట్టు అనుకుంటాం. ఓ లెక్క చూడండి. 70 కిలోల మనిషి రెండు పెడల్స్ మీద నిలబడితే ఒక్కో పాదం కింద 35 కిలోలు. అదంతా పది పిన్నులే మోస్తే ఒక్కోదాని మీద మూడున్నర కిలోలు. పిన్ను మొన 4 మిల్లీమీటర్ల వెడల్పు. పెడల్ పైభాగం మొత్తం మీద పరుచుకోవాల్సిన బరువు ఆ పది చుక్కల మీద పడితే ఒత్తిడి పదుల రెట్లు పెరుగుతుంది. అందుకే పిన్ను రబ్బరులో దిగుతుంది. పిన్నులు ఇరవై చేస్తే ఒక్కోదాని వాటా సగమైపోతుంది, అంత లోతుకి దిగదు. జాతరలో ముళ్ళ పరుపు మీద పడుకునే సాధువుకి ఏమీ కానిది ఈ కారణానికే. ఒక్క మేకు మీద పడుకోమంటే ఆయనా లేచి పోతాడు. కాబట్టి లెక్క కన్నా చోటు ముఖ్యం. ముందు అంచున, వెనక అంచున పొడుగు పిన్నులుండాలి, ఇరుసు మీదుగా ఉన్నవి పొట్టిగా ఉండాలి. వెనక్కి నొక్కినప్పుడు వెనక వరస పనిచేస్తుంది, మడమ దించినప్పుడు ముందు వరస.

ఎత్తు సంగతి. మామూలుగా 3 నుంచి 5 మిల్లీమీటర్ల దాకా ఉంటాయి. విన్యాసాల్లో ఆరితేరినవాళ్ళు పొడుగ్గా, పదునుగా కావాలంటారు. కొత్తవాడికి అంత వద్దంటాను. పాదం ప్రతిసారీ సరైన చోట పడదు, పడ్డాక అర అంగుళం జరుపుకోవాలి. మరీ గట్టిగా కరిచిపెట్టుకునే పెడల్ మీద పాదం జరపాలంటే ఎత్తి మళ్ళీ పెట్టాలి, గాల్లో ఉన్నప్పుడు అదెక్కడ కుదురుతుంది? మధ్యరకం చాలు. మర ఉన్న పిన్నులైతే కింద వాషర్ వేసి ఎత్తు తగ్గించుకోవచ్చు. చేయి తిరిగాక వాషర్ తీసేస్తే సరి. పిన్నును వెనక వైపు నుంచి బిగించే రకమైతే ఇంకా మంచిది. రాయికి కొట్టుకుని మొన చితికినా అలెన్ కీ పట్టే గుంట అవతలి వైపు క్షేమంగా ఉంటుంది. ఏ రకమైనా సరే, మొదటి రెండు నెలలూ కాళ్ళకి షిన్ గార్డులు కట్టుకోవాలి. ఫుట్‌బాల్ వాళ్ళవైనా పనికొస్తాయి.

పెడల్ పైభాగం చదునుగా కాక కొంచెం పళ్ళెంలా, మధ్యలో లోతుగా ఉండాలి. ఇది చెప్పినంత తేలిక కాదు, పెడల్ నట్టనడుమే ఇరుసు ఉంటుంది, దాని చుట్టూ బేరింగులు ఉంటాయి. చవక పెడల్స్‌లో ఆ నడుమే ఉబ్బి ఉంటుంది. ఉబ్బు మీద నిలబడ్డ పాదం రోకలి మీద నిలబడ్డట్టే. పళ్ళెంలో కూర్చున్న పాదానికి ముందూ వెనకా అంచు అందుతుంది.

పెడల్ సన్నగా కూడా ఉండాలి. ఇది రాళ్ళకి తగలకుండా ఉండటానికనే చాలామంది అనుకుంటారు, అదీ ఉంది. కానీ అసలు లాభం వేరే. పెడల్ ఇరుసు చుట్టూ తిరుగుతుంది, పాదం ఆ ఇరుసుకి కొంత పైన నిలబడుతుంది. ఇరుసుకి ఎంత పైన ఉంటే, పాదం కాస్త ముందుకి వెనక్కి తోసినప్పుడు పెడల్ అంత సులువుగా బోల్తా కొట్టాలని చూస్తుంది. ఇసుకలో గుచ్చిన కర్ర పొడుగ్గా ఉంటే ఒరిగిపోతుంది, పొట్టిదైతే నిలబడుతుంది. పాదాన్ని ఇరుసుకి దగ్గర చేసే ప్రతి మిల్లీమీటరూ చీలమండకి విశ్రాంతి.

వెడల్పు బూటును బట్టి. క్రాంక్ బ్రదర్స్ కంపెనీ స్టాంప్ పెడల్ లాంటివి చిన్న పాదానికి ఒకటి, పెద్ద పాదానికి ఒకటి రెండు సైజుల్లో చేస్తారు. చిన్నది నిలువూ అడ్డమూ 100 మిల్లీమీటర్లు. మావాడిది తొమ్మిదో నంబరు కాబట్టి కొంచెం పెద్దదే కావాలి. మరీ వెడల్పైతే మలుపులో నేలకి కొట్టుకుంటుంది.

ఇక పాదం ఎక్కడ పెట్టాలి, ఎలా పెట్టాలి. లాక్ అయ్యే పెడల్స్ వాళ్ళు బొటనవేలి మొదలు సరిగ్గా ఇరుసు మీద ఉంచుతారు. ఫ్లాట్ మీద పాదాన్ని ఇంకాస్త ముందుకి జరిపి, ఇరుసు వేళ్ళ మొదలుకి కొంచెం వెనగ్గా వచ్చేట్టు పెడితే పిక్కల మీద భారం తగ్గుతుంది. గెంతి కిందికి దిగేటప్పుడు ఇది బాగా తెలుస్తుంది. అర మీటరు ఎత్తు నుంచి పడి, మోకాళ్ళు పావు మీటరు ముడుచుకుని ఆ దెబ్బని మింగితే సగటున ఒంటి బరువుకి మూడు రెట్లు పాదాల మీంచి పోతుంది. అంత బరువు మునివేళ్ళ మీద పడితే మడమ ఒక్కసారిగా కుంగుతుంది.

మడమ దించమని గురువులందరూ చెప్పేది బ్రేకు వేసేటప్పుడు. ఎందుకో చెప్పేవాళ్ళు తక్కువ. గట్టిగా బ్రేకు వేస్తే ఒళ్ళు ముందుకి తోసుకొస్తుంది. ఆ తోపు ఒంటి బరువులో సగం ఉందనుకుందాం, అదంతా పాదాల మీంచే పోతోందనుకుందాం. అప్పుడు పాదం నొక్కే దిక్కు నిలువుగా ఉండదు, ముందుకి దాదాపు 27 డిగ్రీలు వాలుతుంది. చదునైన పెడల్ మీద జారకుండా ఉండాలంటే ఘర్షణ గుణకం కనీసం 0.5 ఉండాలి. మడమ 15 డిగ్రీలు దించితే పెడల్ కూడా ఆ తోపుకి ఎదురు తిరిగి కూర్చుంటుంది, ఇక 0.2 ఉన్నా సరిపోతుంది. వానలో తడిసిన పాత పెడల్ కూడా అంత పట్టు ఇస్తుంది. కళ్ళంలో ధాన్యం రాశి పోసేవాళ్ళకి తెలుసు, ఒక వాలు దాకా గింజ నిలుస్తుంది, అది దాటితే జారుతుంది. మడమతో మనం చేసేది ఆ వాలుని మన వైపు తిప్పుకోవడమే. కొనే పని లేదు, ఖర్చు లేదు.

లోహమా, ప్లాస్టికా? నైలాన్‌లో గాజు పీచు కలిపి పోసిన పెడల్స్ వస్తున్నాయి, పిన్నులు మాత్రం ఉక్కువి. రేస్ ఫేస్ కంపెనీ చెస్టర్ పెడల్ ఆ రకమే. అల్యూమినియం కన్నా చవక, బరువూ ఎక్కువుండదు. రాయికి తగిలితే కరుచుకోకుండా జారిపోతుంది. నేర్చుకునేవాడికి ఇంతకన్నా అక్కర్లేదు. మెరిసే అల్యూమినియం పెడల్‌ని మొదటి వారమే రాళ్ళకేసి కొట్టుకుని బాధపడటం దేనికి? పిన్నులు కూడా ప్లాస్టిక్‌వే అయిన రకం మాత్రం ముట్టుకోవద్దన్నాను. కొనేముందు పెడల్‌ని పట్టుకుని ఇరుసుకి అడ్డంగా ఊపి చూడాలి, టకటకమంటే లోపల బేరింగు వదులుగా ఉన్నట్టు. వేలితో తిప్పితే గిరగిరా తిరక్కపోయినా కంగారు పడొద్దు, నీరు చొరకుండా బిగించిన సీలు ఉంటే కొత్తలో కొంచెం బిగుతుగానే తిరుగుతుంది.

పెడల్ మర కొలత కూడా అడిగి తెలుసుకోవాలి. ఎక్కువ సైకిళ్ళకి 9/16 అంగుళం. క్రాంకులు, అంటే పెడల్స్ బిగించే చేతులు, రెండూ ఒకే ఇనుప కడ్డీని వంచి చేసిన పిల్లల సైకిళ్ళకి అర అంగుళం. తేడా ఒకటిన్నర మిల్లీమీటర్లు పైచిలుకు, ఒకదాంట్లో ఒకటి పట్టదు.

మావాడు నైలాన్‌వి తెచ్చుకున్నాడు. బిగిద్దామని మా వీధి చివరి సైకిల్ షాపుకి పోయాం. కుడిది ఇట్టే ఎక్కింది. ఎడమది ఎంత తిప్పినా పట్టడం లేదు.

“ఎడమది రివర్సు తమ్ముడూ,” అన్నాడు మెకానిక్ స్పానర్ లాక్కుని. “అటు తిప్పితే ఊడుద్ది, ఇటు తిప్పితే పడుద్ది. బలవంతం చేస్తే మర పోద్ది.”

“ఎందుకన్నా అలా?”

“తొక్కేటప్పుడు ఊడిపోకుండా.”

అది నిజమే, కానీ దారి విచిత్రం. పెడల్ లోపలి బేరింగు రాపిడి మాత్రమే లెక్కలోకి తీసుకుంటే ఇప్పుడున్న మర తొక్కే కొద్దీ ఊడిపోవాలి! మరి ఎందుకు బిగుస్తుంది? ఇంటికొచ్చాక మా ఆవిడ గాజొకటి తీసుకుని చూపించాను. గాజును బల్ల మీద పడుకోబెట్టి, అందులో పెన్సిల్ నిలబెట్టి, పెన్సిల్‌ని గాజు లోపలి అంచుకి ఒత్తిపెట్టి, గడియారం ముల్లు తిరిగే వైపు అంచు వెంబడే దొర్లించాలి. పెన్సిల్ చుట్టూ తిరుగుతున్నది సవ్యంగా. తనచుట్టూ తాను తిరిగేది మాత్రం అపసవ్యంగా! పెన్సిల్ మీద ఓ గీత గీసి చూస్తే స్పష్టంగా కనిపిస్తుంది. క్రాంకు రంధ్రమే గాజు, పెడల్ ఇరుసే పెన్సిల్. ఎంత బిగించినా మరల మధ్య వెంట్రుకవాసి సందు ఉంటుంది. మన బరువు ఎప్పుడూ కిందికే, క్రాంకు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. దాంతో ఇరుసు రంధ్రం గోడకి ఒత్తుకునే చోటు చుట్టూ తిరుగుతుంది, ఇరుసు దానికి ఎదురు దిశలో దొర్లాలని చూస్తుంది. బేరింగు రాపిడి కన్నా ఈ దొర్లుడే బలమైనది. అందుకే ఎడమ వైపు మర తిరగేశారు. విమానం ఎగరేయడానికి మూడేళ్ళ ముందు, 1900లో, రైట్ సోదరులు డేటన్‌లోని తమ సైకిల్ షాపు తరఫున ఊడిపోని పెడల్ అని ప్రకటించుకున్నది ఈ కిటుకునే. బేరింగు పూర్తిగా పట్టేసినప్పుడు మాత్రం లెక్క తిరగబడి పెడల్ ఊడిపోతుంది. చీలమండ మెలి తిరగడం కన్నా అదే మేలు.

రెండు పెడల్స్‌కీ కలిపి గుర్తు పెట్టుకోవాల్సింది ఒకటే: స్పానర్‌ని ఇరుసు మీద నిలువుగా పైకి నిలబెట్టి, సీటు వైపు నెడితే ఏ పక్కదైనా ఊడుతుంది, హ్యాండిల్ వైపు నెడితే బిగుస్తుంది. మరకి కాస్త గ్రీజు పూయడం మరిచిపోకూడదు.

ఆ సాయంత్రం ఎదురింటి స్థలం పక్కన ఖాళీలో మళ్ళీ మొదలుపెట్టాడు. కాళ్ళకి పాత కాన్వాస్ బూట్లు, షిన్ గార్డులు. దాటడానికి ఏదో ఒకటి ఉండాలి కదా అని కూలీని అడిగి ఓ ఇటుక తెచ్చి అడ్డంగా నిలబెట్టాం. మొదటి నాలుగైదు సార్లు వెనక చక్రం ఇటుకని తన్నేసింది, వాడే దిగి మళ్ళీ నిలబెట్టుకున్నాడు. పాదం మాత్రం ఒక్కసారీ జారలేదు. ఆరోసారి హ్యాండిల్ కొంచెం ముందుగా నెట్టాడు. వెనక చక్రం లేచింది, ఇటుక పైకి వచ్చింది, దాని నెత్తిమీదే దిగింది.

ఇటుక రెండు ముక్కలైంది.

“బాబూ,” అన్నాడు కూలీ అక్కడ్నుంచే, చేతుల మధ్య అయిదు ఇటుకలు నొక్కి పట్టుకుని, “లెక్క తగ్గితే మేస్త్రీ నన్నంటాడయ్యా.”